అమీర్‌పేటలో దొరకని కోర్సు

అమీర్‌పేటలో దొరకని కోర్సు లేదంటారు. మైత్రీవనం ముందు నిలబడి తలెత్తి చూస్తే చాలు, ఆకాశం కనబడదు, బోర్డులే కనబడతాయి. జావా, ఒరాకిల్, డాట్‌నెట్, టెస్టింగ్ టూల్స్, డెవాప్స్... ఇప్పుడైతే అన్నిటి మీదా అడ్డంగా ఏఐ అని ఒక స్టిక్కర్ కూడా. కింద మళ్ళీ "రియల్ టైమ్ ఫ్యాకల్టీ" అని ఉంటుంది (రియల్ టైమ్ కాని ఫ్యాకల్టీ ఎలా ఉంటారో నాకిప్పటికీ తెలీదు). అన్ని బోర్డుల మధ్య "తెలుగులో వార్త రాయడం నేర్పబడును" అనో, "సినిమాకి సీన్ రాయడం నేర్పబడును" అనో ఒక్క బోర్డు కూడా నాకైతే ఎప్పుడూ తగల్లేదు.

నేర్చుకోవాలనుకునేవాళ్ళు లేక కాదండీ. అసలు ఈ ఏరియా అంతా వాళ్ళే కదా! అమీర్‌పేట నుంచి యూసుఫ్‌గూడ వైపు వెళ్ళే దారిలో సారథీ స్టూడియో ఉంది. హైదరాబాదులో తయారైన తొలి తెలుగు సినిమాగా చెప్పుకునే "మా ఇంటి మహాలక్ష్మి" (1959) తీసింది అక్కడే. అంటే అమీర్‌పేటకి సి లాంగ్వేజ్ కన్నా సినిమా ముందొచ్చిందన్నమాట. అటు కాస్త ముందుకెళ్తే కృష్ణానగర్, ప్రతి మూడో గదిలో ఒక కథ. ఇటు పంజాగుట్ట దాటితే సోమాజిగూడ ప్రెస్ క్లబ్బు, దాని చుట్టూ పేపర్ ఆఫీసులు, టీవీ ఆఫీసులు. మధ్యలో మా లాంటి ఇంజినీరింగ్ పిల్లల హాస్టళ్ళు. నెలకింతని కట్టి, సాంబారులో ముక్క కోసం వెతుక్కుంటూ జావా నేర్చుకునే బ్యాచ్.

నేనూ ఆ బ్యాచే. 2016లో థర్డ్ ఇయర్. కాలేజీ ఊరికి చాలా దూరం, పేరెందుకు లెండి, బస్సు పొద్దున ఆరూ ముప్పావుకి ఎక్కించుకుని సాయంత్రం ఐదున్నరకి అమీర్‌పేటలో దింపేది. అప్పుడింకా మెట్రో రాలేదు (వచ్చింది 2017 నవంబరులో). రోడ్డంతా తవ్వేసి, స్తంభాల కింద దుమ్ములో నడిచేవాళ్ళం. ఆ ఏడాది శని ఆదివారాలు పొద్దున పంజాగుట్టలో జర్నలిజం, ఆదివారం సాయంత్రం అమీర్‌పేటలో స్క్రీన్‌ప్లే, మిగతా రోజులు ఇంజినీరింగ్. ఈ మూడింట్లో నాకు ఏది ఎంత పనికొచ్చిందో చెబుదామనే ఇదంతా.

ముందు ఒక అనుమానం తీర్చేస్తా. "డిగ్రీయే చెయ్యొచ్చుగా, ఈ చిన్న చిన్న క్లాసులెందుకు" అని కొందరు అడుగుతుంటారు. ఉస్మానియాలో జర్నలిజం శాఖ 1954 నుంచీ ఉంది. తెలుగు విశ్వవిద్యాలయం దూరవిద్యలో జర్నలిజం డిగ్రీ ఉంది, సినిమా రచనలో డిప్లొమా కూడా పెట్టారు. (1985లో ఉత్త తెలుగు విశ్వవిద్యాలయంగానే మొదలై, తర్వాత పొట్టి శ్రీరాములు పేరు చేరిన ఆ విశ్వవిద్యాలయానికి 2025లో సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు పెట్టారు. 1926లో గోలకొండ పత్రిక మొదలెట్టిన సంపాదకుడాయన. పేరు మార్పు మీద ఎవరి అభిప్రాయాలు వాళ్ళకున్నాయి గానీ, ఒక విశ్వవిద్యాలయానికి పాత్రికేయుడి పేరు ఉండడం మాత్రం నాకు బాగానే అనిపించింది.) చిక్కేమిటంటే అప్పట్లో ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి లేదు. యూజీసీ దానికి ఒప్పుకున్నది 2022 ఏప్రిల్లో. నేను అప్పటికే ఉద్యోగంలో చేరి నాలుగేళ్ళయింది. కాబట్టి మాకు మిగిలింది సర్టిఫికెట్ మీద ఎవరూ పెద్దగా ఆశ పెట్టుకోని చిన్న క్లాసులే.

ఇంట్లో చెప్పాను. నాన్న ఆర్టీసీలో కండక్టరు. ఆయన జీవితంలో విలేకరి అంటే బస్సెక్కి రాయితీ పాసు చూపించే మనిషి. "అంత ఖర్చు పెట్టి ఇంజినీరింగ్ చదివి, చివరికి పాసు మీద తిరుగుతావా?" అన్నాడు. తర్వాత రెండు నిమిషాలు ఆగి, "జావాకి ఎంతన్నావ్?" అని అడిగాడు. జావాకీ పంపాడు, దీనికీ పంపాడు. జర్నలిజానికి 6,000, స్క్రీన్‌ప్లేకి 4,500. జావాకైన దానికన్నా ఎక్కువే!

పంజాగుట్ట క్లాసుకి బోర్డు లేదు. ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు, హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు. చెప్పేది ఒక పెద్దాయన, డెస్కులో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరైన సబ్ ఎడిటర్. మేం పద్నాలుగు మందిమి. అందులో ఇంజినీరింగ్ వాళ్ళం ముగ్గురం, మిగతా అంతా డిగ్రీలు, ఒకాయన స్కూల్ టీచరు. మాస్టారికి ఇంజినీర్లంటే సరదా. "ఏవండీ ఇంజినీరుగారూ, మీ ప్రోగ్రాంలో ఇఫ్ రాసి ఎల్స్ రాయకపోతే ఏవవుతుంది?" అనేవారు. ఏమీ అవదండీ అంటే "మరి మా దగ్గర అవుతుంది. ఒక వైపే రాస్తే మర్నాడు రెండోవాడు ఆఫీసు కొస్తాడు" అని నవ్వేవారు.

మొదటి నెలంతా నేర్పింది రెండే. ఒకటి, ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా. రెండోది, తలకిందుల పిరమిడ్. అసలు సంగతి పైన, కొసరు కింద. ఎందుకంటే రాత్రి పదకొండు గంటలకి పేజీలో చోటు చాలకపోతే డెస్కువాడు కిందినుంచి కోసేస్తాడు. కూర్చుని ఆలోచించి కోయడు, కోసేస్తాడంతే. ఎక్కడ కోసినా మిగిలింది వార్తలాగే ఉండాలి. ఇంత చక్కటి ఇంజినీరింగ్ సూత్రం నాకు నాలుగేళ్ళ కాలేజీలో ఎవరూ చెప్పలేదండీ. ఎక్కడ కరెంటు పోయినా అప్పటిదాకా సేవ్ చేసింది పనికిరావాలి అని కదా దాని అర్థం!

రెండో నెలలో ఒక శనివారం మాస్టారు అందర్నీ బయటికి తోలారు. "పంజాగుట్ట చౌరస్తా దాకా వెళ్ళండి, ఎటైనా వెళ్ళండి, పన్నెండింటికల్లా ఒక్కొక్కళ్ళూ ఒక వార్త పట్టుకురండి." సగం మంది ట్రాఫిక్ మీద రాశారు. ఒకడు మెట్రో దుమ్ము మీద. నేను అటుపక్క ఒక పెద్దాసుపత్రి ఎదుట ఫుట్‌పాత్ మీదున్న వాళ్ళ దగ్గరికెళ్ళాను. ఊళ్ళ నుంచి రోగులతో వచ్చినవాళ్ళు లోపల ఒక్కళ్ళుంటే బయట ఇద్దరుంటారు కదా, వాళ్ళు. దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి, యాభై ఏళ్ళుంటాయి, కొడుకుకి కిడ్నీ జబ్బు. చికిత్సకి ఆరోగ్యశ్రీ ఉంది, మందులకి పెద్దగా ఇబ్బంది లేదు. ఆయన బాధంతా పడుకోవడానికి చోటు. యూరియా సంచులు రెండు ఉతికి, కలిపి కుట్టుకుని పరుచుకున్నాడు. పొద్దున మడిచి చంకలో పెట్టుకుంటాడు, లేకపోతే ఇంకొకరు పట్టుకుపోతారట.

నేను స్టూడెంటునని, ఇది పేపర్లో రాదని ముందే చెప్పాను. ఆయన తలూపాడు. అయినా గంటసేపు మాట్లాడాక, "పేపర్ల ఎప్పుడొస్తది సారూ?" అన్నాడు. రాదని మళ్ళీ చెప్పాను. "నేర్చుకుంటున్నవ్ గద. మంచిది. నేర్చుకున్నంక రాయి" అన్నాడు.

కాపీలు మాస్టారి ముందు పెట్టాం. అందరివీ బొబ్బిలి యుద్ధం బుర్రకథల్లా ఉన్నాయని ఆయన తీర్పు. "నడినెత్తిన సూరీడు నిప్పులు కురిపిస్తున్నాడు" అని మొదలెట్టిన కాపీలు నాలుగట! ఎర్రపెన్ను తీసి చదువుకుంటూ పోయారు. నాది వచ్చేసరికి "ఎన్నాళ్ళ నుంచి ఉన్నాడాయన?" అన్నారు. పదిహేడు రోజులు అని చెప్పాను. "అదేది మరి, పైన పెట్టు. ఫుట్‌పాత్‌పై పదిహేడు రోజులు. ఆయనలాంటి వాళ్ళు ఆ వరసలో ఎంతమంది? అవతల ఆసుపత్రి వాళ్ళేమంటున్నారు? దగ్గర్లో సత్రాలున్నాయా, ఉంటే రోజుకెంత? అవి కనుక్కుని రా. అప్పుడది వార్త. ఇప్పుడున్నది జాలి." యూరియా సంచి మీద అడ్డంగా గీత పెట్టేశారు. "ఇది బాగుంది. కానీ చోటుండదు."

ఇక సాయంత్రం క్లాసు సంగతి. అది అమీర్‌పేటలోనే ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ ల్యాబులో. ఆదివారం సాయంత్రం బ్యాచులుండవు కాబట్టి గంటకింతని అద్దెకిచ్చేవాళ్ళు. వైట్ బోర్డు మీద పొద్దున ఎవరో చెప్పిన ఎస్క్యూఎల్ జాయిన్లు అలాగే ఉండేవి, వాటి పక్కనే మా అన్న (సార్ అంటే ఊరుకునేవాడు కాదు) హీరో, విలన్ అని గీసేవాడు. ఆయన ఎనిమిదేళ్ళుగా సినిమాలకి రాస్తున్నాడు, పేరు మాత్రం ఎక్కడా పడలేదు. ఘోస్ట్ అంటారు కదా. పొద్దున్నించి కథా చర్చలు, సిట్టింగులు, సాయంత్రం మాకు క్లాసు.

ఆయన దగ్గర నేర్చుకున్న మొదటి సంగతి, సిడ్ ఫీల్డ్ 1979లో రాసిన "స్క్రీన్‌ప్లే" పుస్తకం మనం ఉన్నదున్నట్టు మింగలేమని. అమెరికా సినిమాకి మూడంకాలు సరిపోతాయి. మనకి మధ్యలో జనం లేచి సమోసా తినడానికి వెళ్తారు. వెళ్ళినవాడు మళ్ళీ వచ్చి కూర్చోవాలి. అందుకని మన దగ్గర కథంతా ఇంటర్వెల్ అనే మేకుకి తగిలించి ఉంటుంది. సీన్ పేపరు కూడా వేరే. కాగితం మధ్యలో మడత, ఎడమపక్క జరిగేది, కుడిపక్క మాటలు. ఇప్పుడు చాలామంది ఇంగ్లీషు పద్ధతిలో సాఫ్ట్‌వేర్లో కొడుతున్నారు గానీ, ఆ మడత కాగితం మీద రాస్తే ఒక లాభముంది. కుడివైపు నిండిపోయి ఎడమవైపు ఖాళీగా ఉంటే, మనవాళ్ళు ఊరికే మాట్లాడుతున్నారని చూడగానే తెలిసిపోతుంది.

ఆ ఆదివారం, మీరు ఈ వారం చూసిన ఒక మనిషిని సీన్ చెయ్యండన్నాడు. నేను దేవరకొండ ఆయన్ని చెప్పాను. ఇక చూడండి మావాళ్ళ ఉత్సాహం. "కొడుకు పోయినట్టు పెడదాం" అని ఒకడు. "కొడుకు కాదు మామా, కూతురైతే ఇంకా పండుతుంది" అని ఇంకొకడు. "ఆయన ఒకప్పుడు సీమలో పెద్ద..." అని మూడోవాడు ఎత్తుకుంటే అంతా నవ్వులు. నాకు నవ్వు రాలేదు. నిన్న మాట్లాడిన మనిషి, రేపూ అక్కడే ఉంటాడు. కొడుకు లోపల బతికే ఉన్నాడు. ఇక్కడ ఏసీ గదిలో కూర్చుని చంపెయ్యడమేంటి?

అదే అడిగాను. అన్న కాసేపు మాట్లాడలేదు. "ఆయనకేం కావాలి?" అన్నాడు చివరికి. పడుకోవడానికి జాగా అన్నాను. "అంతే సీను. రాత్రి ఆయన సంచి పరిచే చోట ఇంకొకడొచ్చి పడుకుని ఉంటాడు. వాడికీ లోపల ఒకరున్నారు. ఇప్పుడు చెప్పు, ఎవర్నీ చంపక్కర్లేదు కదా?" తర్వాత ఇంకో మాటన్నాడు. "పేరు మార్చు, ఊరు మార్చు, జబ్బు మార్చు. ఆ సంచి మాత్రం మార్చకు."

పొద్దున ఒకాయన కొట్టేసింది, సాయంత్రం ఇంకొకాయన అదొక్కటే ఉంచమన్నాడు. ఆ రోజు హాస్టల్‌కి నడుచుకుంటూ వస్తే నాకు అర్థమైంది, ఈ రెండు చదువులూ పక్కపక్కన పెడితేనే రెండూ తెలుస్తాయని. వార్తలో ఇంటర్వెల్ బ్యాంగ్ మొదటి లైన్లోనే వేసెయ్యాలి. సినిమాలో ఆ లైన్‌ని గంటసేపు దాచాలి. పదిహేడు రోజులు అన్నది వార్తకి ప్రాణం, సినిమాలో ఆ అంకె ఎవరికీ గుర్తుండదు. నా దృష్టిలో జర్నలిజం ముందు చదవాలి. మనిషిని అడిగి తెలుసుకోవడం రానివాడు సీన్ రాస్తే, చూసిన సినిమాల్లోంచి రాస్తాడు. మన సినిమాల్లో సగం జబ్బు అదేనని నా గట్టి నమ్మకం.

నాకు ముందే ఈ దారిలో వెళ్ళినవాళ్ళున్నారని తర్వాత తెలిసింది. ముళ్ళపూడి వెంకటరమణ గారు ఆంధ్రపత్రికలో పనిచేసి సినిమాలకొచ్చినవారే. గొల్లపూడి మారుతీరావు గారు లెక్కలూ ఫిజిక్సూ చదివి, 1959లో ఆంధ్రప్రభలో సబ్ ఎడిటరుగా చేరి, "డాక్టర్ చక్రవర్తి" (1964)తో సినిమా రచనలోకి వచ్చారు. ఇక పతంజలి గారు. విలేకరుల లోకం మీద "పెంపుడు జంతువులు" నవల రాసిన ఆయనే "సింధూరం" (1997)కి మాటలు రాశారు. మా తరానికి తెలిసిన కథ త్రివిక్రమ్‌ది. న్యూక్లియర్ ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి, హైదరాబాదులో సునీల్‌తో గది పంచుకుని, "స్వయంవరం" (1999) దాకా ఆగిన మనిషి. హాస్టళ్ళలో ఈ కథ ఎన్నిసార్లు చెప్పుకుంటారో లెక్కలేదు. గది పంచుకుని, అలాగే ఆగి ఆగి ఊరెళ్ళిపోయినవాళ్ళ కథ మాత్రం ఎవరూ చెప్పుకోరు.

మా గదిలో వాడొకడు. వాడిది సిద్దిపేట వైపు. పంజాగుట్ట క్లాసులో నా పక్కనే కూర్చునేవాడు, నాకన్నా ఎంతో బాగా రాసేవాడు. ఇంజినీరింగ్ అవ్వగానే ఒక దినపత్రిక వాళ్ళ జర్నలిజం బడికి పరీక్ష రాసి ఎంపికయ్యాడు. విశ్వవిద్యాలయాలు తమకి కావలసినట్టు మనిషిని తయారుచెయ్యట్లేదని తెలుగు పత్రికలు సొంత బళ్ళు పెట్టుకున్నాయి కదా. ఈనాడు, ఆంధ్రజ్యోతి, సాక్షి, అన్నిటికీ ఉన్నాయి. అనువాదం, జనరల్ నాలెడ్జి, వ్యాసం, ఇంటర్వ్యూ. శిక్షణలో స్టైపెండు. అప్పుడే నాకు క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చింది, ఏడాదికి 3 లక్షల 36 వేలు. వాడికొచ్చేది అందులో సగం లేదు. అయినా ఆ రోజు గదిలో పార్టీ ఇచ్చింది వాడే. నేను చేరింది సాఫ్ట్‌వేర్లోనే, అందులో దాపరికమేం లేదు. నాన్న రిటైర్‌మెంటుకి ఇంకా ఐదేళ్ళుంది, చెల్లి ఇంటర్. ఆ లెక్క నేను ఇప్పుడు చేసినా అదే జవాబొస్తుంది.

2020లో కరోనా వచ్చింది. పేపర్లు పేజీలు తగ్గించేశాయి. వాడి ఉద్యోగం మే నెలలో పోయింది. ఏ పత్రికో చెప్పను, ఆ నెలల్లో చాలాచోట్ల జరిగిందే. కొన్నాళ్ళు ఊరి నుంచి కంట్రిబ్యూటర్‌గా పంపాడు. లైన్ అకౌంటు అంటారు, అచ్చయిన దాన్ని కొలిచి డబ్బులిస్తారు. రాసింది కాదు, అచ్చయింది. ఎంతొచ్చేదో వాడు నాకెప్పుడూ చెప్పలేదు. 2021లో మళ్ళీ అమీర్‌పేట వచ్చాడు, టెస్టింగ్ కోర్సుకి! నా గదిలోనే ఉన్నాడు. ఆర్నెల్లలో ఉద్యోగం వచ్చింది. వాళ్ళ టీములో వాడు రాసే బగ్ రిపోర్టులంటే డెవలపర్లకి మహా ఇష్టమట. ఎక్కడ, ఎప్పుడు, ఏం నొక్కితే, ఏమైంది, అన్నీ మొదటి రెండు లైన్లలో ఉంటాయి కదా మరి. ఈ మాట నేను నవ్వుతూ అంటే వాడు నవ్వలేదు. "పదిహేను వేలిచ్చినా డెస్కుకి వెళ్తాను మామా" అన్నాడు.

ఇక్కడే అమీర్‌పేటలో ఆ బోర్డు ఎందుకు లేదో తెలుస్తుంది. జావా క్లాసు నడిచేది జావా బాగుంటుందని కాదు, అవతల కొనేవాడున్నాడని. అవతల జీతం ఉంటే మూడు నెలల కోర్సు, జిరాక్స్ నోట్సు, రెండొందల మంది హాలు అవే వస్తాయి. తెలుగులో రాసేవాడికి అవతల ఉన్నది లైన్ అకౌంటు, లేకపోతే ఎప్పటికో పడే టైటిల్ కార్డు. అన్నపూర్ణ స్టూడియోలో 2011లో ఫిల్మ్ స్కూలు పెట్టారు, అక్కడ పద్ధతిగానే చెబుతారు, కానీ కండక్టరుగారింట్లో ఎత్తే అంకె కాదది. మిగిలేది ఆదివారం సాయంత్రం అద్దె ల్యాబే. నన్నడిగితే, రాయడం నేర్పడానికి యూనివర్సిటీ పద్ధతి కన్నా అమీర్‌పేట పద్ధతే బాగుంటుంది. మొదటి రోజు నుంచే చేతులతో చెయ్యడం, చేసింది మర్నాడు తిట్టించుకోవడం. లేనిదల్లా కొనేవాడు.

మా పంజాగుట్ట మాస్టారు 2019లో క్లాసులు మానేశారు, మోకాళ్ళ నొప్పులు, మూడంతస్తులు ఎక్కలేక. అమీర్‌పేట అన్న పేరు మాత్రం 2023లో తెర మీద పడింది. అదనపు సంభాషణలు అని, చివర్లో, చిన్న అక్షరాల్లో. మేం తొమ్మిది మందిమి కలిసి వెళ్ళాం, పాత సత్యం థియేటర్ స్థలంలో ఆ ఏడాదే తెరిచిన ఏఏఏ సినిమాస్‌కి. జనం లేచి వెళ్ళిపోతుంటే మేం కూర్చుని చప్పట్లు కొట్టాం. ఊడ్చేవాళ్ళు ఆగి మావైపు చూశారు.

ఈ మధ్య మా చిన్నాన్న కూతురు ఫోన్ చేసింది. సీఎస్ఈ రెండో ఏడు. "అన్నయ్యా, ఇప్పుడు రెండు డిగ్రీలు ఒకేసారి చదవొచ్చంట కదా, జర్నలిజం దూరవిద్యలో కడదామనుకుంటున్నా" అంది. కట్టమన్నాను. పుస్తకాలొస్తాయి, చదివితే సరిపోదు, వారానికొకసారి బయటికెళ్ళి ఎవరో ఒకరితో గంటసేపు మాట్లాడి ఒక పేజీ రాసి నాకు పంపు, నేను ఎర్రపెన్ను పట్టుకుంటానన్నాను. మొదటిది పంపింది కూడా. హాస్టల్లో వంటామె గురించి. ఏ ఊరో రాయలేదు, ఎన్నేళ్ళుగా చేస్తోందో రాయలేదు, కానీ ఆమె తన కోసం మాడిన అట్టు పక్కన పెట్టుకుంటుందని రాసింది. ఊరూ ఏళ్ళూ కనుక్కుని రమ్మన్నాను. అట్టు మీద గీత పెట్టలేదు.

ఫీజు నేను కడుతున్నాను. చిన్నాన్నకి జర్నలిజం వరకు చెప్పిందట, స్క్రీన్‌ప్లే సంగతి ఇంకా ఎత్తలేదట.